బొమ్మ కింద పేరు

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అని ఒకటుంది. అక్కడ దాచిన పాత వస్తువుల్లో మన ఊరివి కొన్ని ఉన్నాయి. చెక్క పెట్టెలు, కుర్చీలు, చిన్న చిన్న బల్లలు. చెక్క మీద ఏనుగు దంతం పలకలు తాపడం చేసి, వాటి మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి, పువ్వులూ తీగలూ తేల్చిన పని. పురాతన వస్తువులు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ప్రపంచమంతటా ఈ పనిని ఒకే పేరుతో పిలుస్తారు: వైజాగపటం.

18వ శతాబ్దంలో ఇక్కడి కంసాలి పనివాళ్లు తెల్లదొరల ఇళ్ల కోసం చేసిన వస్తువులవి. 1756లో ఇటు వచ్చిన మేజర్ జాన్ కార్నెయిల్ అనే సైనికాధికారి కూడా ఇక్కడి అద్దకం బట్టల గురించి, ఈ తాపడం పని గురించి గొప్పగా రాసుకున్నాడు. అప్పటి వైజాగపటం అంటే ఇప్పటి సిటీ కాదండోయ్. గాజువాక, మధురవాడ అప్పటికి వేరే ఊళ్లు. ఊరంటే దాదాపు మన వన్ టౌనే.

ఊరి పేరు రెండున్నర శతాబ్దాలుగా నిలిచింది. మరి పెట్టె చేసిన మనిషి పేరు? ఆ కాలం వస్తువుల్లో చాలావాటికి అది లేదు. కొన్న దొర పేరు దొరుకుతుంది, వేలంలో పలికిన ధర దొరుకుతుంది. రోజుల తరబడి వంగి కూర్చుని గీత గీసినవాడు మాత్రం గల్లంతు.

ఈ వారం కాలమ్ ఆ గల్లంతయ్యే పేరు గురించే. ఎందుకంటే ఇప్పుడు వన్ టౌన్ సందుల్లో స్కెచ్‌బుక్కు పట్టుకు తిరుగుతున్న పిల్లలకీ అదే గండం పొంచి ఉంది. అప్పుడు దొరలు, ఇప్పుడు ఫార్వర్డ్‌లు. అంతే తేడా.

బొమ్మ ఎక్కడ పుడుతుంది?

‘ఇన్‌స్పిరేషన్ వచ్చింది, రాత్రికి రాత్రే గీసేశాను’ అని రీల్‌లో చెప్పడానికి బాగుంటుంది. అసలు పని అలా ఉండదు.

వన్ టౌన్‌నే తీసుకోండి. పొద్దున్నే కురుపాం మార్కెట్, కాసేపాగి పూర్ణా మార్కెట్‌లో బస్తాలు దించే గోల, మధ్యాహ్నం కొత్త రోడ్డు, సాయంత్రం పోర్టు పక్కన మూడు కొండలు. ఒక కొండ మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గర్భగుడికి పైకప్పు లేదు. ఎండా వానా నేరుగా అమ్మవారి మీదే పడతాయి. మార్గశిర మాసంలో గురువారం వెళ్తే కాలు పెట్టే చోటుండదు. బొమ్మలేసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

కావాలి. టైమ్ కావాలి. ఫోన్‌లో ఫొటో తీస్తే బస్తా మోసే మనిషి ఒక్క క్షణంలో దొరికిపోతాడు. కానీ అతని బరువు దొరకదు. ఆ బరువు నడుములో ఎక్కడ ఆగుతోంది, మెడ ఎటు ఒరుగుతోంది, మోకాలు ఎప్పుడు వణుకుతోంది? అది తెలియాలంటే అదే మనిషిని పదిసార్లు గీయాలి. తొమ్మిది బొమ్మలు చెత్తబుట్టలోకి పోతాయి. పదోది బాగుంటే దాన్ని పెద్ద కాగితం మీదికి ఎక్కించాలి, రంగులు చిన్న ముక్కల మీద వేసి చూసుకోవాలి, అప్పుడు కాన్వాస్. ఆర్డర్ ఇచ్చేవాడికి కనబడేది ఆఖరి మూడు రోజులే. ముందు నడిచిన మూడు వారాలు ఎవరి లెక్కలోకీ రావు.

ఈ ఊళ్లోనే ఉండి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నవాళ్లని చూడండి. జి. రవీందర్ రెడ్డి సూర్యాపేటలో పుట్టి, బరోడాలోనూ లండన్‌లోనూ చదువుకుని, విశాఖలో స్థిరపడ్డ శిల్పి. నిండుగా పువ్వులు ముడిచిన కొప్పు, పెద్ద పెద్ద కళ్లు, మెరిసే బంగారు రంగు ముఖం... ఆ భారీ ఆడతలలు ఎక్కడో ఒకచోట మీ ఫీడ్‌లో కనబడే ఉంటాయి. ముందు మట్టితో మలచాలి, దానికి అచ్చు తీయాలి, ఆ అచ్చులో ఫైబర్‌గ్లాస్ పోత పోయాలి, అతుకులు అరగదీయాలి, అప్పుడు రంగు. మన జాలర్ల ఫైబర్ బోట్లు తయారయ్యేదీ ఆ రకం సరుకుతోనే. ఘాటైన వాసన, దుమ్ము, మాస్కు, చెమట. శిల్పం చేయడమంటే సగం కార్ఖానా పని.

వి. రమేష్‌ది ఇంకో దారి. పెద్ద కాన్వాస్‌ల మీద ఒక బొమ్మ పైన ఇంకో బొమ్మ పొరలు పొరలుగా తేలేలా వేసే చిత్రకారుడు. అక్క మహాదేవి, లల్లేశ్వరి, కారైక్కాల్ అమ్మయార్ లాంటి భక్తకవయిత్రుల మాటలు ఆయన బొమ్మల్లోకి వస్తాయి. వీళ్లిద్దరూ ఆంధ్ర యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగంలో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతూనే తమ పని చేసుకున్నారు. పొద్దున క్లాసు, మిగతా టైమ్‌లో స్టూడియో. కొత్తగా దిగేవాళ్లు గమనించాల్సింది ఇదే. ‘ఉద్యోగం చేస్తే ఆర్టిస్టు కాడు’ అనే మాట ఉత్తిది. ఇంకో పని చేసుకుంటూ బొమ్మని బతికించుకోవడం చాలామంది పెద్దవాళ్లు నడిచిన దారే.

మూలన రెండక్షరాలు

ఫ్లెక్సీలు రాకముందు మన బజార్లలో బోర్డులన్నీ చేత్తో రాసినవే. బట్టల కొట్టు, సైకిల్ షాపు, డాక్టరుగారి నేమ్ ప్లేటు. పాత బోర్డు ఏదైనా ఇంకా మిగిలుంటే కింద కుడిమూల చూడండి. చిన్న అక్షరాల్లో రాసినవాడి పేరో, ‘ఫలానా ఆర్ట్స్’ అనో ఉంటుంది. అది గొప్ప కోసం రాసుకున్నది కాదు. తర్వాతి ఆర్డర్ ఆ మూల నుంచే వచ్చేది. అదే వాళ్ల విజిటింగ్ కార్డు, అదే వాళ్ల ఇన్‌స్టా పేజీ. ఫ్లెక్సీ మెషీన్ వచ్చాక బోర్డుతో పాటు ఆ మూలా పోయింది.

పత్రికల్లోనూ అంతే. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారి పేరు ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు. మీ నానమ్మనో తాతయ్యనో అడగండి. ‘చందమామ’ ముఖచిత్రాలు, ‘యువ’లో, ‘స్వాతి’లో రంగుల బొమ్మలు. ఏళ్లకేళ్లు ఆయన ఉన్నది మన పక్కనే, అనకాపల్లి దగ్గర కశింకోటలో. మనిషిని చూసినవాళ్లు తక్కువ. కానీ బొమ్మ మూలన ‘వపా’ అని రెండక్షరాలు కనబడితే చాలు, పుస్తకం ఇంట్లో చేతులు మారేది. 1992లో ఆయన పోయారు. ఆ రెండక్షరాలు ఇంకా తిరుగుతున్నాయి.

ఒక పని చేసి చూడండి. ఆ సంతకం చెరిపేసి అవే బొమ్మలు ఇవాళ వాట్సాప్‌లో పంపండి. ‘పాతకాలం బొమ్మలు, ఎంత బాగున్నాయో’ అంటారు. ఎవరివి అని అడిగేవాళ్లు పదిమందిలో ఒకరుంటే గొప్ప.

గోడ లెక్క

ఇప్పుడు డబ్బుల సంగతి. ఊహకే చెబుతున్నా, లెక్క కోసం.

ఫైన్ ఆర్ట్స్ చదువు అయిపోయిన ఒకమ్మాయి ఉందనుకోండి. వన్ టౌన్‌లో ఒక టిఫిన్ సెంటర్ ఓనరుకి పక్కగోడ మీద పాత ఊరి బొమ్మ కావాలి. పది అడుగుల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు.

‘‘ఎంతవుద్దమ్మా?’’

‘‘పద్దెనిమిది వేలవుతుంది బాబాయ్.’’

‘‘గోడకి రంగెయ్యడానికి అంతేటి? పదివేలిస్తాను. మన షాపుకి రోజూ ఎంతమందొస్తారో తెలుసా? నీకే మంచి పేరొస్తాది.’’

సరే, పదివేలకే ఒప్పుకుందనుకుందాం. రంగులు, పుట్టీ, ప్రైమర్, బ్రష్‌లు: 3,000. సాయానికి వచ్చిన కుర్రాడికి నాలుగు రోజులకి రోజుకి 700 చొప్పున: 2,800. నిచ్చెన అద్దె 600. ఆటోలు 400. మొత్తం 6,800. చేతిలో మిగిలేది 3,200.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. కొలతలకీ మాటలకీ ఒకరోజు. స్కెచ్‌కి, ఓనరుగారు చెప్పిన మార్పులకి రెండు రోజులు. గోడ గీకి సిద్ధం చేయడానికి ఒకరోజు. వన్ టౌన్ గోడ అంటే మాటలా? సముద్రపు చెమ్మ ఒకపక్క, పోర్టు నుంచి వచ్చే బొగ్గు ధూళి, ఇనుప ఖనిజం ధూళి ఇంకోపక్క. తుడిచిన గంటకే తెల్ల గోడ బూడిద రంగులోకి వస్తుంది. సరిగ్గా సిద్ధం చేయకపోతే రెండు వానలకి పెచ్చులూడిపోతుంది, మాట పడేది ఆర్టిస్టే. తర్వాత రంగులు వేయడానికి నాలుగు రోజులు. మొత్తం ఎనిమిది.

3,200ని ఎనిమిదితో భాగిస్తే రోజుకి 400. తను పెట్టుకున్న సాయం కుర్రాడికి 700!

ఇక్కడ ఓనరు చెడ్డవాడు కాదు. ఆయనకి కనబడింది నాలుగు రోజుల రంగు పనే. మిగతా నాలుగు రోజులు కాగితం మీద రాసి చూపిస్తే కదా తెలిసేది? అందుకే ధర ఒక్క అంకెలో చెప్పకూడదు. సామాను ఇంత, మనిషి కూలి ఇంత, డిజైన్‌కి ఇంత, నా రోజులు ఇన్ని అని విడగొట్టి రాసివ్వాలి. బేరం ఆడితే ఆడనీండి. అప్పుడాయన ఏ గీత మీద తగ్గిస్తున్నాడో ఇద్దరికీ కనబడుతుంది. ‘‘రెండుసార్లకి మించి మార్పులు చెబితే ఇంత అదనం’’ అన్న ముక్క కూడా ముందే పడాలి. సగం డబ్బు అడ్వాన్స్. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. పెళ్లికి మేళం వాళ్లు కూడా అడ్వాన్స్ తీసుకునే వస్తారు.

చట్టం ఎవరి పక్క?

ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. చాలామంది ఆర్టిస్టులకి తెలియని మెలిక ఇక్కడుంది.

బొమ్మ వేసినవాళ్లకే కాపీరైట్ అని మనందరం అనుకుంటాం. మామూలుగా అంతే. కానీ మన 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ఒక మినహాయింపు పెట్టింది. ఎవరైనా అడిగి, డబ్బులిచ్చి వేయించుకున్న పెయింటింగ్ గానీ పోర్ట్రెయిట్ గానీ అయితే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తొలి కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే. అంటే మన టిఫిన్ సెంటర్ ఓనరు ఆ గోడబొమ్మని మెనూ కార్డు మీద, పార్శిల్ కవర్ల మీద, రేపు ఇంకో నాలుగు బ్రాంచీల్లో వేసుకున్నా ఆ అమ్మాయి గట్టిగా అడగలేదు. ‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. తాళంచెవి అదే. ‘‘ఈ గోడకి మాత్రమే. వేరేచోట వాడితే విడిగా మాట్లాడుకుందాం. కాపీరైట్ నాదే’’ అని ముందే రాసుకుని ఇద్దరూ సంతకం పెడితే కథ మారిపోతుంది.

ఎవరూ ఆర్డర్ ఇవ్వకుండా మీ అంతట మీరు వేసిన బొమ్మ హక్కులు ఎవరికైనా ఇవ్వాలంటే అదీ రాతపూర్వకంగానే జరగాలి. ఎన్నాళ్లకి అని రాయకపోతే ఐదేళ్లకే అని చట్టం లెక్కేస్తుంది. ఏ ప్రాంతానికి అని రాయకపోతే ఇండియా వరకే.

ఇంకో మంచి సంగతి. కాపీరైట్ చేతులు మారినా మారనిది ఒకటుంది. 57వ సెక్షన్ ప్రకారం ‘ఇది నేను చేసిన పని’ అని చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా ఆ పనిని పాడుచేస్తే నిలదీసే హక్కు చేసినవాళ్లకే ఉంటాయి.

ఇది కాగితం మీది మాటేనా? అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పిని అడగాల్సింది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ప్రభుత్వం అడిగితే ఆయన ఏళ్ల తరబడి కష్టపడి పెద్ద కంచు కుడ్యశిల్పం చేశారు. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఊడబెరికి గోడౌన్‌లో పడేశారు. కొన్ని ముక్కలు పోయాయి కూడా. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. మిగిలిన శిల్పం ఆయనకి తిరిగి ఇచ్చేయమంది, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమంది. శిల్పం కొన్నది ప్రభుత్వమే. అయినా చేసిన మనిషి గౌరవాన్ని కొనలేదని తేలింది.

మన ఊళ్లోనూ ఫ్లైఓవర్ స్తంభాలు, ప్రహరీ గోడలు ఏదో ఒక పెద్ద కార్యక్రమం వస్తుందంటే బొమ్మలతో నిండిపోతాయి. ఆ తర్వాత ఒక రోజు వాటి మీద పోస్టర్లు పడతాయి, సున్నం పడుతుంది. వేసినవాళ్ల పేరు మూలన ఉందా లేదా అన్నది వేసే రోజునే తేల్చుకోవాల్సిన సంగతి.

ఇంకొక్కటి. మీ అసలు పెయింటింగ్‌ని కొన్నవాళ్లు తర్వాత పదివేల రూపాయలకి మించి ఇంకొకరికి అమ్మితే, ఆ ధరలో పది శాతం దాకా వాటా అడిగే అవకాశం 53ఎ సెక్షన్‌లో ఉంది. ఇవాళ మూడువేలకి అమ్మిన బొమ్మ ఇరవై ఏళ్ల తర్వాత మూడు లక్షలు పలికితే? ఆ వాటా అడగాలంటే తొలి కాపీరైట్ మీదై ఉండాలి, ఆ బొమ్మ మీదేనని రుజువుండాలి. రెండూ ఇవాళ్టి కాగితాల మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆదివారం అరగంట

ఇదంతా వినడానికి భయంగా ఉంటుంది గానీ, చేయాల్సింది కొంచెమే.

పూర్తయిన ప్రతి బొమ్మ వెనక పేరు, ఊరు, సంవత్సరం, కొలత, వాడిన రంగు రాయండి. ప్రింట్లు తీస్తే ప్రింట్‌మేకర్ల పద్ధతి పాటించండి. మొత్తం పది తీస్తే మూడోదాని కింద 3/10 అని పెన్సిల్‌తో రాసి సంతకం పెట్టడం. పదకొండోది తీయకపోవడం మీ మాట. స్కెచ్‌లు పారేయకండి, తేదీ వేసి దాచండి. రేపు ఎవరైనా ‘ఇది మాదే’ అంటే ఆ చెత్త స్కెచ్‌లే మీ సాక్షులు. ఆర్డర్ ఫోన్‌లో మాట్లాడినా, మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో నాలుగు లైన్లు రాసి పంపి, ‘ఓకే’ అనిపించుకోండి. పెద్ద మొత్తమైతే వకీలుకి చూపించండి. ఆదివారం ఒక అరగంట పెడితే ఇదంతా అయిపోతుంది.

అవకాశాలకీ ఇదే కాగితం పనికొస్తుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల లోపు కళాకారులకి రెండేళ్ల పాటు నెలకి 5,000 స్కాలర్‌షిప్ ఇచ్చే పథకం ఒకటి నడుపుతోంది. 1954లో పుట్టిన లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనలు పెడుతుంది. కొచ్చి బినాలేకి విద్యార్థుల విభాగం ఉంది. దేనికి అప్లై చేసినా మొదట అడిగేది చేసిన పని ఫొటోలు, కొలతలు, సంవత్సరాలు. ఆఖరి రోజు రాత్రి గ్యాలరీలో స్క్రోల్ చేసుకుంటూ కూర్చునేవాళ్లకి, ముందే రాసిపెట్టుకున్నవాళ్లకి తేడా అక్కడ తెలుస్తుంది.

‘ఏఐ వచ్చాక ఇవన్నీ ఎందుకు?’ అని మీలో కొందరు అడుగుతారు. 2025 మార్చిలో అందరం మన ఫొటోల్ని జిబ్లీ బొమ్మలుగా మార్చుకున్నాం కదా. ఆ శైలి వెనక హయావో మియజాకీతో పాటు స్టూడియోలో ఏళ్ల తరబడి చేత్తో గీసినవాళ్లున్నారు. వాళ్ల స్టూడియో పేరు ప్రపంచానికి తెలుసు కాబట్టి కనీసం ‘జిబ్లీ’ అన్నాం. పేరు తెలియని ఆర్టిస్టు శైలి అలా తీసేసుకుంటే దాన్ని ఏమని పిలుస్తాం? ‘ఒక ఫిల్టర్’ అంటాం. మెషీన్ వచ్చాక పేరు విలువ పెరిగిందే గానీ తగ్గలేదు.

బొమ్మలేయని మిత్రులకీ ఒక మాట. ఒక బొమ్మ నచ్చి షేర్ చేసేటప్పుడు మూలని క్రాప్ చేయకండి. ఎవరిదో తెలియకపోతే షేర్ చేసేముందు ఒక్కసారి వెతకండి. ఫ్రెండు బొమ్మలేస్తాడు కదా అని పెళ్లికార్డు డిజైన్ ఫ్రీగా అడగకండి. అడిగినా, కార్డు వెనక అతని పేరు వేయించండి.

ఈ వారం వన్ టౌన్ వైపు వెళ్తే ఏదో ఒక గోడబొమ్మ దగ్గర ఒక నిమిషం ఆగండి. ముందు బొమ్మ మొత్తం చూడండి. తర్వాత కుడివైపు కింది మూల. అక్కడ పేరుంటే చదవండి, పైకే చదవండి. లేకపోతే పక్క కొట్టువాళ్లని అడగండి: ‘‘ఇది ఎవరేశారండీ?’’

నలుగురు అలా అడిగితే, ఐదోసారికి కొట్టువాళ్లే పేరు కనుక్కుని పెట్టుకుంటారు.